తరువాత ఏమైంది?

భార్య పోయాక పుస్తకం మూసివేసిన ఒక లెక్కల మాస్టారు, ఆయన చేత మళ్ళీ పుట తిప్పించిన ఒక గూడ్సు బండి గార్డు

గూడ్సు బండికి చిట్టచివర ఉండే బ్రేకు వ్యానులో సుఖమన్నది ఉండదు. కూర్చోవడానికి ఒక చెక్క బల్ల, పక్కన చుట్టిపెట్టిన ఎర్ర, పచ్చ జెండాలు, రాత్రయితే ఒక చేతిదీపం, చుట్టూ చీకటి. వెనుక వచ్చే ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇవ్వడానికి బండిని లూపు లైనులో నిలిపివేశారంటే గంటల తరబడి అక్కడే పడిగాపులు. 1970వ దశకంలో విజయవాడ, గూడూరుల మధ్య అటువంటి రాత్రులను ఒక గార్డు నవలలతో గడిపారు. మద్రాసు మూర్ మార్కెట్టులోను, విజయవాడ లెనిన్ సెంటరులోను పాత పుస్తకాల గుట్టల నుంచి ఏరుకొన్న నవలలవి. అట్టలు చిరిగి ఉండేవి. కొన్నిటికి చివరి పుటలు కూడా ఉండేవి కావు. ఆ చివర ఏమై ఉంటుందోనని ఊహించుకొంటూ ఆయన తెల్లవారే దాకా మేలుకొని ఉండేవారు.

ఆయనకు అన్నిటికన్న ప్రియమైనవి విజ్ఞాన కల్పన నవలలు. అందులోనూ కథ పరుగెత్తే నవలలు. ఉద్యోగ విరమణ చేసి తెనాలిలో స్థిరపడేనాటికి వాటిలో మంచివేవో, వట్టి హడావుడివేవో చెప్పగల నేర్పు ఆయనకు అలవడింది. పరీక్ష చాలా సులభమనేవారు. కథలోని ప్రమాదం ప్రకృతి నియమం లోంచి పుట్టాలి; దాన్ని దాటే ఉపాయం కూడా ఆ నియమం లోంచే రావాలి. తుపాకి పేలినంత మాత్రాన కథ కదిలినట్లు కాదు. గాలి అయిపోతున్నది, ఇంకా ఇన్ని గంటలే మిగిలి ఉన్నది అంటే, అప్పుడు కథ కదులుతుంది.

ఆయన ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ఇద్దరిదీ ముప్ఫయ్యేళ్ళ స్నేహం. మాస్టారికి ఒక అలవాటు ఉండేది. సాయంత్రం వాలుకుర్చీలో ఏదో ఒక పుస్తకం చదవడం, రాత్రి భోజనాల వేళ ఆ కథను భార్యకు చెప్పడం. ఆవిడ వడ్డిస్తూ, వడ్డన మధ్యలో ఆగి, "తరువాత ఏమైందండీ?" అని అడిగేవారు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న వినబడని రాత్రులు తక్కువ.

2015 కార్తీకంలో ఆవిడ కన్నుమూశారు. ఆ తరువాత మాస్టారు పుస్తకం ముట్టలేదు. పిల్లలు ఫోనులో పలకరిస్తే పొడిపొడిగా బదులు చెప్పేవారు. గార్డుగారు గ్రంథాలయం నుంచి తెచ్చిన నవలలు బల్లమీద అలాగే పడి ఉండేవి. "చదివి ఎవరికి చెప్పాలి?" అన్నారొకనాడు. అంతకన్న ఎక్కువ మాట్లాడలేదు. భోజనం తగ్గింది. రాత్రి ఎనిమిదింటికే దీపం ఆరిపోయేది.

గార్డుగారు ఓదార్పు మాటలు చెప్పే మనిషి కారు. మనిషికి రేపటి మీద ఆశ పుట్టించడానికి ఆయనకు తెలిసిన సాధనం ఒక్కటే. రేపు చదవవలసిన అధ్యాయం ఒకటి మిగిలి ఉండాలి.

తప్పు పట్టమని ఇచ్చిన పుస్తకం

పుస్తకాన్ని సిఫారసు చేయడం పిల్లకు సంబంధం చూడటం వంటిదని గార్డుగారి అభిప్రాయం. మనకు నచ్చినది కాదు, ఎదుటివారికి నప్పేది వెదకాలి. మాస్టారికి విజ్ఞాన కల్పన అంటే చులకన. అవి కుర్రకారు కోసం రాసిన కోతలని ఆయన నమ్మకం. కాని ఆయనకు ఒక బలహీనత ఉన్నది. ఎక్కడైనా అంకె తప్పుగా కనబడితే దిద్దకుండా ఉండలేరు.

2016 సంక్రాంతి వెళ్ళిన వారానికి గార్డుగారు ఒక లావుపాటి నవలను బల్లమీద పెట్టారు. జూల్స్ వెర్న్ రాసిన 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ'. 1869, 1870లలో ఫ్రెంచి పత్రికలో ధారావాహికగా వెలువడినది.

మాస్టారు పేరు చూసి పెదవి విరిచారు. "వెర్న్ లీగు అంటే 4 కిలోమీటర్లు కదండీ. ఇరవై వేల లీగులంటే 80,000 కిలోమీటర్లు. భూమి వ్యాసమే 12,700. అంత లోతున సముద్రం ఎక్కడున్నది?"

"అదే నాకూ అర్థం కాలేదు, మాస్టారూ. తప్పెక్కడ జరిగిందో మీరే చూసి చెప్పాలి" అని గార్డుగారు లేచి వచ్చేశారు.

ఆ అంకె లోతు కాదు, జలాంతర్గామి సముద్రగర్భంలో ప్రయాణించిన దూరమని మాస్టారు గ్రహించడానికి రెండు రోజులు పట్టింది. భూమి చుట్టూ రెండు ప్రదక్షిణలకు సమానమైన దూరం అది. అప్పటికి ఆయన నాటిలస్ నౌకలో చిక్కుకుపోయారు. దక్షిణ ధ్రువం దగ్గర మంచుగడ్డల నడుమ ఆ నౌక బందీ అయ్యే ఘట్టం ఈ నవలకు ప్రాణం. పైన మంచు, కింద మంచు, నలువైపులా ముడుచుకొని వస్తున్న నీరు. లోపల గాలి తరిగిపోతున్నది. నావికులు వంతులవారీగా గునపాలతో మంచును తవ్వుతూ ఉంటే, పక్కల నుంచి నీరు గడ్డకడుతూ వస్తున్నది. అప్పుడు కెప్టెన్ నెమోకు తట్టిన ఉపాయం మరుగునీటిని చిమ్మడం. వంటింట్లో అందరికీ తెలిసిన విషయమే అక్కడ మనుషుల ప్రాణాలు నిలబెట్టింది.

భారతీయ పాఠకునికి ఈ నవలతో మరొక బంధుత్వం ఉన్నది. సింహళం దగ్గర సొరచేప నోట పడబోయిన ఒక పేద ముత్యాల గజ ఈతగాణ్ణి నెమో కాపాడి, అతని చేతిలో ముత్యాల సంచి పెడతాడు. ఆ కరుణకు కారణం తరువాతి నవలలో తెలుస్తుంది. 1875లో పూర్తయిన 'ది మిస్టీరియస్ ఐలండ్'లో నెమో తానెవరో చెబుతాడు. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్. 1857 తిరుగుబాటులో పోరాడి సర్వం కోల్పోయినవాడు. ఒక హెచ్చరిక కూడా అవసరం. పాత ఇంగ్లీషు అనువాదం ఒకటి ఈ నవలలో దాదాపు నాలుగో వంతును కత్తిరించి, అంకెలను కూడా తారుమారు చేసింది. చాలాకాలం లోకంలో తిరిగినది అదే. కొనేవారు సంపూర్ణానువాదమని చూసి కొనడం మేలు.

"బాగానే ఉన్నది" అన్నారు మాస్టారు పుస్తకం తిరిగి ఇస్తూ. గార్డుగారు ఏమీ అడగలేదు. చదివారా, నచ్చిందా అని వెంటపడటం ఆయన పద్ధతి కాదు. ఒకసారికి ఒకే పుస్తకం. అదీ ఆయన నియమమే.

రాముడి పేరు పెట్టుకొన్న లోకం

రెండవ నవల పేరు చూసి మాస్టారు ముందు ఏదో భక్తి గ్రంథమనుకొన్నారు. 'రాన్‌డెవూ విత్ రామా'. 1956 నుంచి 2008లో మరణించేవరకు శ్రీలంకలో నివసించిన ఆర్థర్ సి. క్లార్క్ 1973లో ప్రచురించినది. 2131లో సౌరకుటుంబం లోకి ఒక అపరిచిత వస్తువు ప్రవేశిస్తుంది. గ్రీకు, రోమను దేవతల పేర్లు అప్పటికే అయిపోవడం వల్ల ఖగోళవేత్తలు హిందూ దేవతల పేర్లు పెడుతున్నారట. అలా దానికి రాముడి పేరు వచ్చింది. తీరా చూస్తే అది గ్రహశకలం కాదు. 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వ్యాసం గల ఒక బోలు స్తూపం. ఎవరో నిర్మించినది. 4 నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతున్నది.

నౌకాధిపతి నార్టన్ బృందం దాని ఇరుసు దగ్గర తలుపు తెరచి, చీకటిలో కిలోమీటర్ల పొడవునా మెట్లు దిగుతుంది. పైమెట్టు మీద మనిషికి బరువే ఉండదు. దిగినకొద్దీ బరువు పెరుగుతుంది. మాస్టారు ఇక్కడ ఆగి, చాలా నెలల తరువాత పెన్సిలు వెదుక్కొన్నారు. లోపలి వ్యాసార్థం 8 కిలోమీటర్లు, భ్రమణకాలం 240 సెకన్లు. పాత నోటు పుస్తకంలో గుణించి చూస్తే త్వరణం సెకనుకు సెకనుకు 5.5 మీటర్ల దగ్గర తేలింది. భూమ్యాకర్షణలో సగం కన్న కొంచెం ఎక్కువ. ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 33 కిలోలు తూగుతాడు.

మరునాటి ఉదయం పాల ప్యాకెట్టు చేతిలో ఉండగానే ఆయన గార్డుగారి గుమ్మంలో నిలబడ్డారు. "లెక్క సరిపోయిందండీ!"

ఆ లెక్క సరిపోవడం వల్లనే నవలలోని సాహసాలు నమ్మబుద్ధి అవుతాయి. గడ్డకట్టిన వలయాకారపు సముద్రం సూర్యుని వేడికి కరగడం, దానివల్ల తుపాను లేస్తుందని ముందే లెక్కగట్టి బృందం వెనుదిరగడం, ఒక యువకుడు తొక్కుడు యంత్రం మీద ఆ లోకపు ఆకాశంలో ఎగరడం, తిరుగుదారి లేక 500 మీటర్ల కొండకొమ్ము మీదనుంచి సముద్రం లోకి దూకడం. భూమి మీదనైతే అది ఆత్మహత్య. అక్కడ ఎందుకు కాదో తెలుసుకోవడమే చదువరికి ఆనందం. ఈ మధ్యలో బుధగ్రహవాసులు భయపడి ఒక అణ్వస్త్రాన్ని పంపిస్తారు. ప్రమాదం ఆగంతకుల వల్ల కాదు, మనవాళ్ళ భయం వల్లనే వస్తుంది. ఈ నవలకు హ్యూగో, నెబ్యులా పురస్కారాలు రెండూ లభించాయి.

వేగం గల మరికొన్ని

ఆ వేసవిలో పుస్తకాలు వారానికొకటి చొప్పున చేతులు మారాయి. హెచ్.జి. వెల్స్ రాసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' 1898 నాటిది. అంగారకులు లండను మీద పడే కథ. పారిపోతున్న జనంతో నిండిన స్టీమరును కాపాడటానికి ఒకే ఒక్క యుద్ధనౌక మూడు కాళ్ళ యంత్రాలకు ఎదురువెళ్ళే ఘట్టం నూరేళ్ళు దాటినా పాతబడలేదు. ఐరోపావారు టాస్మేనియా ప్రజలను ఏం చేశారో గుర్తు చేసుకొన్నాకనే అంగారకులను నిందించండని వెల్స్ మొదటి అధ్యాయంలోనే హెచ్చరిస్తాడు. పరపాలనలో మగ్గిన దేశాల పాఠకులకు ఆ మాట వేరుగా వినబడుతుంది. తెలుగువారికి 1991లో 'ఆదిత్య 369' చిత్రం చూపించిన కాలయంత్రానికి మూలపురుషుడు కూడా ఈయనే; 'ది టైమ్ మెషీన్' 1895లో వెలువడింది.

మైకేల్ క్రైటన్ వైద్యవిద్యార్థిగా ఉంటూ రాసి, 1969లో ప్రచురించిన 'ది ఆండ్రోమెడా స్ట్రెయిన్' ఒక ఉపగ్రహం పడిన ఊరి కథ. ఊరంతా చనిపోయింది, మిగిలినవారు ఒక ముసలివాడు, ఒక పసికందు. వారిద్దరే ఎందుకు బ్రతికారు? కత్తి లేదు, తుపాకి లేదు; భూగర్భ ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే కథ. రాత్రి మొదలుపెడితే నిద్ర ఉండదని గార్డుగారి హెచ్చరిక.

మన దేశం నుంచి జయంత్ నార్లీకర్ ఉన్నారు. 2025లో కన్నుమూసిన ఈ ఖగోళ శాస్త్రవేత్త మరాఠీలో విజ్ఞాన కల్పనలు రాశారు. ఇంగ్లీషులోకి 'ది రిటర్న్ ఆఫ్ వామన్'గా వచ్చిన నవలలో తవ్వకాల్లో బయటపడిన ఒక పెట్టెలోంచి ప్రాచీన నాగరికత వదలి వెళ్ళిన విజ్ఞానం బయటికి వస్తుంది. వామనుడని ఆ యంత్రానికి పేరెందుకు పెట్టారో ఊహించడం మనకు కష్టం కాదు. మూడడుగులు అడిగినవాడు ఎంత ఆక్రమించాడో మనం ఎరుగుదుము.

ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్' గొప్పదే. కాని అందులో కదలిక తక్కువ, సంభాషణ ఎక్కువ. వేగం కోరేవారికి దాన్ని మొదట ఇవ్వకూడదని గార్డుగారు పక్కన పెట్టారు.

ఆండీ వియర్ రాసిన 'ది మార్షియన్' మాస్టారిని పూర్తిగా లోబరచుకొన్నది. రచయిత వృత్తిరీత్యా కంప్యూటరు ప్రోగ్రామరు. అధ్యాయాలను ఉచితంగా పాఠకుల ముందు పెడుతూ, వారు చూపిన శాస్త్రదోషాలను దిద్దుకొంటూ రాశాడు. 2011లో స్వయంగా వెలువరించాడు. 2014లో ప్రచురణ సంస్థ అచ్చువేసింది. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయిన వృక్షశాస్త్రజ్ఞునికి ఆరుగురికి 50 రోజులు సరిపోయే ఆహారం ఉన్నది. ఒక్కడే గనుక 300 రోజులు. తరువాతి యాత్ర నాలుగేళ్ళకు గాని రాదు. ఇక మిగిలింది బంగాళాదుంపలు, ఎరువు, నీరు, కూడికలు, తీసివేతలు. మాస్టారు ఒక్క తప్పు పట్టారు. అంగారకుడి వాతావరణం మనదానిలో నూరో వంతైనా లేదు. మొదటి అధ్యాయంలోని గాలివాన అంత బలంగా వీచడానికి వీలులేదు. రచయిత కూడా ఈ సంగతి ఒప్పుకొన్నాడని గార్డుగారు చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనబడిన తృప్తి, మంచి విద్యార్థిని చూసినప్పటి తృప్తి.

మరచిపోయిన ఉత్తరం

ఒక్క పుస్తకం విషయంలో గార్డుగారు పొరబడ్డారు. జో హాల్డెమన్ 'ది ఫరెవర్ వార్'ను ఆయన చాలా ఏళ్ళ కిందట చదివారు. వియత్నాంలో గాయపడి తిరిగివచ్చిన సైనికుడు 1974లో ప్రచురించిన నవల. నక్షత్రాల మధ్య జరిగే యుద్ధం. కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణించే సైనికునికి కొద్ది సంవత్సరాలు గడిస్తే భూమి మీద దశాబ్దాలు, ఆపైన శతాబ్దాలు గడచిపోతాయి. తిరిగివస్తే జీతం బకాయి కొండలా పెరిగి ఉంటుంది. తల్లి ముసలిదై ఉంటుంది. ఊరు తనది కాదు. అయిన్‌స్టయిన్ సూత్రం అక్కడ పాఠంగా కాక, మనిషి గుండె మీద దెబ్బగా తగులుతుంది. పోరాట ఘట్టాలు భీకరంగా ఉంటాయి. కొన్ని ప్రకరణాలు పెద్దలకు మాత్రమే తగినవి.

పుస్తకం ఇచ్చి ఇంటికి వచ్చాక గార్డుగారికి చివరి పుటలు గుర్తుకు వచ్చాయి. అందులో ఒక ఉత్తరం ఉన్నది. ఒక స్త్రీ ఒక పురుషునికి రాసినది. ఆ ఉత్తరంలో ఏమున్నదో చెప్పడం చదవబోయేవారికి ద్రోహం. భార్యను పోగొట్టుకొన్న మనిషి చేతిలో పెట్టవలసిన పుస్తకం మాత్రం అది కాదని ఆయనకు అప్పుడనిపించింది. తిరిగి అడుగుదామనుకొన్నారు. కాని ఏమని అడగాలి?

వారం గడిచింది. మాస్టారు రాలేదు. పది రోజులయింది. గార్డుగారు రెండుసార్లు ఆ వీధిలోకి వెళ్ళి, గేటు దాకా పోయి వెనక్కి వచ్చేశారు. ఆరు నెలల కష్టం ఒక్క ఉత్తరంతో కొట్టుకుపోయిందేమోనన్న భయం ఆయనను రాత్రులు నిద్రపోనివ్వలేదు.

పన్నెండవ రోజున మాస్టారే వచ్చారు. పుస్తకం అరుగు మీద పెట్టి చాలాసేపు కూర్చున్నారు.

"రెండుసార్లు చదివానండీ" అన్నారు. "ఆవిడ ఉంటే ఆ ఉత్తరం దగ్గర ఆపి చెప్పేవాణ్ణి. తరువాత ఏమైందని అడిగేది. నేను చెప్పకుండా భోజనం ముగించేవాణ్ణి. మా ఇంట్లో రాత్రంతా పోట్లాటే జరిగి ఉండేది."

ఆయన నవ్వారు. కళ్ళు తుడుచుకొన్నారు. భార్య పోయాక ఆవిడ గురించి ఆయన ఎవరితోనైనా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. గార్డుగారు లేచి కాఫీకి చెప్పారు.

ఆ శీతకాలంలో గార్డుగారికి శుక్లాల శస్త్రచికిత్స జరిగింది. కొన్నాళ్ళపాటు చదవకూడదని వైద్యులు ఆంక్ష పెట్టారు. పుస్తకం లేని పగలు ఎంత పొడుగైనదో ఆయనకు మొదటిసారిగా తెలిసింది. రెండవనాటి సాయంత్రం మాస్టారు చంకలో ఒక నవలతో వచ్చి, మంచం పక్కన కుర్చీ జరుపుకొని కూర్చున్నారు. ఈసారి ఎంపిక ఆయనది. క్లార్క్ 1979లో ప్రచురించిన 'ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్'. శ్రీలంకను పోలిన ఒక ద్వీపంలో పవిత్రమైన కొండ మీదనుంచి ఆకాశానికి, 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న కక్ష్య దాకా ఒక లిఫ్టు నిర్మించే ఇంజనీరు కథ. చివరి ఘట్టంలో ఆ కట్టడం మధ్య కొందరు చిక్కుపడతారు. గాలి తరిగిపోతూ ఉంటుంది. గుండె బలహీనమైన ఆ పెద్దవయసు ఇంజనీరు తానొక్కడే వారికి ప్రాణవాయువు తీసుకొని పైకి బయలుదేరతాడు.

మాస్టారు చదివి చెప్పడం లేదు. తరగతిలో లెక్క చెప్పినట్లు, అంకెలతో సహా, చూడకుండా చెబుతున్నారు. బండి వందల కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. ఛాతీకి కట్టుకొన్న పరికరం హెచ్చరిక చేసింది. అక్కడ ఆయన ఆగి, గడియారం చూసుకొన్నారు.

"పొద్దుపోయింది. మిగతాది రేపు చెబుతాను."

గార్డుగారు నల్లకళ్ళద్దాలతోనే మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఇదేం న్యాయం, మాస్టారూ? తరువాత ఏమైంది?"